ఏ కైనేజ్ దేన్ని యాక్టివేట్ చేస్తోంది? తేల్చుకోవడానికి ఏ ప్రయోగం ఎంచుకోవాలి

రాఫ్ నుంచి మెక్‌కి ఒక బాణం, మెక్ నుంచి ఎర్క్‌కి ఇంకో బాణం. ఈ మూడూ కైనేజ్‌లు, అంటే ఏటీపీ నుంచి ఫాస్ఫేట్ తీసి వేరే ప్రోటీన్‌కి పెట్టే ఎంజైమ్‌లు. బాణం అంటే ఇది దాన్ని యాక్టివేట్ చేస్తుందని. సిగ్నలింగ్ పాఠం చదివిన ప్రతివాళ్లకీ ఈ బొమ్మ కంఠతా వచ్చు. 2002లో వేసిన లెక్క ప్రకారం మనిషి జీనోమ్‌లో 518 కైనేజ్‌లు ఉన్నాయి. వాటిలో చాలావాటికి ఇంకో కైనేజ్ వచ్చి ఫాస్ఫేట్ పెడితేగానీ పనిలోకి దిగడం కుదరదు. ఎమ్మెస్సీ అయ్యి ల్యాబ్‌లో చేరాక అలాంటి బాణం ఒకటి మనమే గీయాల్సి వస్తుంది. అప్పుడు మొదలవుతుంది అయోమయం: రేడియోయాక్టివ్ అస్సే చేయాలా, ఇన్హిబిటర్ (కైనేజ్‌ని ఆపే మందు) వేసి వెస్టర్న్ (యాంటీబాడీతో ప్రోటీన్‌ని చూసే పరీక్ష) నడపాలా, క్రిస్పర్‌తో జన్యువు తీసేయాలా, మ్యూటెంట్ చేయాలా? అన్నీ చేయడానికి డబ్బూ ఉండదు, ఫెలోషిప్ గడువూ చాలదు.

ఎంచుకునే ముందు ఒక సంగతి. ఆ ఒక్క బాణంలో మూడు ప్రశ్నలున్నాయి. పై కైనేజ్ కింది కైనేజ్‌కి ఫాస్ఫేట్ పెట్టగలదా? కణంలో నిజంగా పెడుతున్నది అదేనా, ఇంకోటా? ఆ ఫాస్ఫేట్ వల్లే కింది కైనేజ్ పనిచేయడం మొదలైందా? ఏ పద్ధతి అయినా వీటిలో ఒకదానికే సూటిగా జవాబిస్తుంది. మొదటి ప్రశ్నకి వచ్చిన జవాబు చూపించి మూడు ప్రశ్నలూ తీరిపోయాయని రాయడం వల్లే పేపర్లు రివ్యూలో వెనక్కి వస్తుంటాయి.

గుర్తుపట్టే తీరుని బట్టే పద్ధతి

పీకేఏ లాంటి కైనేజ్ ఫాస్ఫేట్ పెట్టాల్సిన సెరీన్ అనే అమైనో ఆమ్లానికి కాస్త ముందు రెండు ఆర్జినీన్‌లు ఉన్నాయా అని చూస్తుంది. అవి ఉంటే చిన్న పెప్టైడ్ ఇచ్చినా ఫాస్ఫేట్ పెట్టేస్తుంది. మెక్ అలా కాదు. ఎర్క్ యాక్టివేషన్ లూప్‌లోని (ఫాస్ఫేట్ చేరితే కైనేజ్‌ని పనిలోకి దించే వంపు) థ్రియోనీన్-గ్లుటమేట్-టైరోసిన్ ముక్కని మాత్రమే కత్తిరించి పెప్టైడ్‌గా ఇస్తే పట్టించుకోదు. ఎర్క్‌ని వేడిచేసి మడత చెడగొట్టి ఇచ్చినా అంతే. దానికి సరిగ్గా మడతపడిన ఎర్క్ మొత్తం కావాలి. పెప్టైడ్ అస్సే చేసి నెగెటివ్ వచ్చిందని ఒక కైనేజ్ జంటని పక్కన పెట్టేసేముందు ఈ సంగతి గుర్తు చేసుకోవాలి.

మెక్ ఎర్క్‌ని పట్టుకునేది ఫాస్ఫేట్ పెట్టే చోటకి దూరంగా. మెక్ ఎన్-చివర ఒక చిన్న వరుస ఉంటుంది: రెండు మూడు లైసీన్, ఆర్జినీన్‌లు, కొంచెం ఎడంగా ల్యూసీన్ లాంటి నూనె స్వభావం గల అమైనో ఆమ్లాలు. ఎర్క్ వెనకవైపు దానికి సరిపోయే ఆమ్ల గుణమున్న మచ్చ, పక్కనే ఒక గాడి. ఇదే డాకింగ్ సైట్. ఆంత్రాక్స్ బాక్టీరియా తయారుచేసే లీథల్ ఫ్యాక్టర్ మెక్ కుటుంబాన్ని సరిగ్గా ఈ ఎన్-చివరే కోస్తుంది. సిగ్నల్ అక్కడితో తెగిపోతుంది. బాక్టీరియా ఎంచుకున్న చోటు చూస్తే ఈ పట్టు ఎంత ముఖ్యమో తెలుస్తుంది.

2023లో మెక్, ఎర్క్‌ల చుట్టాలైన ఎంకేకే6, పీ38 జంట ఆకారాన్ని క్రయో-ఈఎంతో (గడ్డకట్టించిన ప్రోటీన్‌ని ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో చూసే పద్ధతి) పట్టుకోగలిగారు. ఇలాంటి జంట క్షణకాలం కలిసి విడిపోతుంది కాబట్టి అన్నాళ్లు పట్టింది. గుంపులో ఏది ఏ దారికి చెందుతుందో తేల్చేది స్థిరమైన ఆకారం లేని ఆ ఎన్-చివరి తోకలేనని అక్కడా కనిపించింది.

కొన్ని జంటలకి మూడో ప్రోటీన్ కావాలి. ఈస్ట్‌లో స్టె5 అనే స్కాఫోల్డ్ స్టె11, స్టె7, ఫస్3 మూడింటినీ ఒకచోట పెడుతుంది. ఇంకొన్ని జంటల్లో అసలు ఫాస్ఫేట్‌తో పనే లేదు. కణం పొరలో ఉండే ఈజీఎఫ్ఆర్ అనే రిసెప్టర్ జంటలో ఒక కైనేజ్ డొమైన్ అడుగుభాగం పక్కదాని పైభాగాన్ని నొక్కి సరైన ఆకారంలోకి తెస్తుందని 2006లో తేలింది. సైక్లిన్ అనే ప్రోటీన్ వచ్చి సీడీకే అనే కైనేజ్‌ని నొక్కే తీరే ఇదీ. మీ జంట ఇలాంటిదైతే ఫాస్ఫో-యాంటీబాడీ (ఫాస్ఫేట్ ఉన్న సైట్‌ని మాత్రమే పట్టే యాంటీబాడీ) కొనడం దండగ. రెండూ జతకట్టే (డైమర్) అంచుల్ని మార్చిన మ్యూటెంట్లతోనే మొదలుపెట్టాలి.

టెస్ట్‌ట్యూబ్‌లో: కొలిచే నాలుగు దారులు

రెండు ప్రోటీన్లనీ శుద్ధి చేసి, మెగ్నీషియం, ఏటీపీ కలిపి, 30 డిగ్రీల దగ్గర కాసేపు ఉంచి చూడటం అందరికీ తెలిసిన ప్రయోగమే. దాన్ని దేనితో కొలవాలన్న దగ్గరే ఎంపిక మొదలవుతుంది.

ఏటీపీ ఫాస్ఫేట్ ఇచ్చేశాక మిగిలే ఏడీపీ ఎంత తయారైందో కాంతి రూపంలో కొలిచే కిట్లు ఇప్పుడు అన్ని ల్యాబ్‌లలోనూ ఉన్నాయి. రేడియేషన్ భయం లేదు, 96 బావుల ప్లేటులో గంటలో పని అయిపోతుంది. ఇన్హిబిటర్లు జల్లెడ పట్టడానికి భేషుగ్గా ఉంటాయి. కానీ ఇద్దరు కైనేజ్‌ల మధ్య సంబంధం చూడటానికి నాకైతే ఇది అన్నిటికంటే అధ్వానమైన ఎంపిక అనిపిస్తుంది. రెండు వాటాలకి కలిపి ఒకే కరెంటు మీటరు ఉన్న ఇల్లు లాంటిది ఇది: యూనిట్లు తిరిగాయని తెలుస్తుంది గానీ ఎవరు వాడారో తెలియదు. పై కైనేజ్ కింది దానికి ఫాస్ఫేట్ పెట్టిందా, తనకి తానే పెట్టుకుందా, కిందిది లేచి ఏటీపీ ఖర్చు చేస్తోందా, ఏదీ విడమరిచి చెప్పదు.

పీ-32 (రేడియోయాక్టివ్ ఫాస్ఫరస్) పాతదే అయినా గట్టిది. జెల్ మీద ఏ బ్యాండ్ నల్లబడిందో చూస్తే ఫాస్ఫేట్ ఎవరికి చేరిందో కళ్లకి కనిపిస్తుంది. ఏ సైట్ అయినా సరే దొరుకుతుంది, ముందే తెలిసి ఉండక్కర్లేదు. ఒక్కో అణువుకి ఎన్ని ఫాస్ఫేట్లు చేరాయో లెక్క కట్టొచ్చు. ఆ లెక్క చాలామంది వేయరు. నూరింటిలో రెండు అణువులకి ఫాస్ఫేట్ చేరినా ఎక్స్‌రే ఫిల్మ్ మీద బ్యాండ్ నల్లగానే వస్తుంది, చూసి మురిసిపోతాం. దాని అర్ధాయుష్షు 14.3 రోజులు కాబట్టి తెప్పించుకున్నాక తాత్సారం పనికిరాదు. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకి ఒక వెసులుబాటు ఉంది: పీ-32తో గుర్తుపెట్టిన న్యూక్లియోటైడ్‌ల కోసం పెట్టిన బ్రిట్ (అణుశక్తి విభాగపు ఐసోటోప్ సంస్థ) వారి జోనాకి కేంద్రం సీసీఎంబీ ప్రాంగణంలోనే ఉంది. లైసెన్స్, డోసిమీటర్ బ్యాడ్జ్, వ్యర్థాలు పారేసే ఏర్పాటు లేని కాలేజీల్లో మాత్రం ఈ ఊసే వద్దు.

ఫాస్ఫో-యాంటీబాడీ ఒక్క సైట్‌నే చూస్తుంది. ఎర్క్ జంట ఫాస్ఫేట్‌కి, ఏఎంపీకే అనే కైనేజ్‌లోని థ్రియోనీన్ 172కి మంచివే దొరుకుతాయి. సైట్ ఏదో తెలియనప్పుడు కొని ఉపయోగం లేదు. ఒకే కుటుంబంలోని కైనేజ్‌ల యాక్టివేషన్ లూప్‌లు దాదాపు ఒకేలా ఉంటాయి కాబట్టి పక్కదాన్ని కూడా పట్టే ప్రమాదం ఉంది. ఆ సైట్‌ని అలనీన్‌గా మార్చిన మ్యూటెంట్ మీద బ్యాండ్ మాయమవడం చూపించాల్సిందే. యాంటీబాడీ లేనివాళ్లకి ఫాస్-ట్యాగ్ జెల్ చవకైన ప్రత్యామ్నాయం. ఫాస్ఫేట్ ఉన్న ప్రోటీన్ అందులో నెమ్మదిగా దిగుతుంది. అందుకే ఎర్క్‌లో ఫాస్ఫేట్ లేనిదీ ఒకటున్నదీ రెండున్నదీ వేర్వేరు బ్యాండ్లుగా విడిపోతాయి. లైసేట్‌లో ఈడీటీఏ ఉంటే మాత్రం జెల్ పాడవుతుంది. మాస్ స్పెక్ట్రోమెట్రీ సైట్‌ని ఖాయం చేస్తుంది, ఒక్కసారి చేయించుకుంటే చాలు.

కొలిచే పద్ధతి ఏదైనా రెండు కంట్రోళ్లు తప్పవు. ఒకటి, కింది కైనేజ్‌ని నిర్జీవ రూపంలో వాడటం: ఏటీపీని పట్టుకునే లైసీన్‌ని ఆర్జినీన్‌గా మారుస్తారు, దాంతో తనకి తాను ఫాస్ఫేట్ పెట్టుకునే గోల తీరుతుంది. రెండు, పై కైనేజ్ నిర్జీవ రూపాన్ని కూడా అదే కణాల్లో అదే పద్ధతిలో శుద్ధి చేసి పక్క లేన్‌లో పెట్టడం. హెక్ అనే మానవ కణాల నుంచో పురుగు కణాల నుంచో తీసిన ప్రోటీన్‌కి వేరే కైనేజ్ అంటుకుని రావడం మామూలే. ఈ లేన్ లేకపోతే ఆ పని మీ ప్రోటీన్ ఖాతాలో పడుతుంది.

ఇక పై కైనేజ్‌కి తోడు ప్రోటీన్లు కావాలేమో ముందే చూసుకోండి. ఏఎంపీకేని యాక్టివేట్ చేసే ఎల్‌కేబీ1 ఒంటరిగా దాదాపు నిద్రలోనే ఉంటుంది. స్ట్రాడ్ అనే సూడోకైనేజ్ (కైనేజ్ ఆకారమే గానీ ఫాస్ఫేట్ పెట్టలేని ప్రోటీన్), ఎంఓ25 అనే ఇంకో ప్రోటీన్ కలిసి పట్టుకుంటేనే పనిచేస్తుంది. దాన్నొక్కదాన్నే ఈ.కోలిలో చేసి "ఫాస్ఫేట్ పెట్టడం లేదు" అని తేలిస్తే అది ప్రయోగం చెప్పిన జవాబు కాదు.

కణంలో: మందు వేయాలా, జన్యువు తీసేయాలా

మందు నిమిషాల్లో పనిచేస్తుంది, కణానికి సర్దుకునే వ్యవధి ఉండదు. నేను ఇన్హిబిటర్ వైపు మొగ్గేది అందుకే. దాని జబ్బు కూడా అందరికీ తెలిసిందే: పేరు ఒకటి, చేసేది పది. పీకేఏ ఇన్హిబిటర్‌గా అమ్మే హెచ్-89 రాక్, ఎస్6కే అనే వేరే కైనేజ్‌లని కూడా ఆపుతుంది. పీ38 కోసం కొనే ఎస్‌బీ203580 కేసీన్ కైనేజ్ 1ని కూడా తాకుతుంది. ఎల్‌వై294002 అయితే పీఐ3 కైనేజ్‌తో పాటు ఎంటార్‌ని కూడా పడగొడుతుంది. యూ0126, పీడీ98059 రెండూ మెక్1నే కాక మెక్5 నుంచి ఎర్క్5కి వెళ్లే దారిని కూడా మూస్తాయి. దాదాపు కనిపించిన కైనేజ్‌నల్లా ఆపే స్టారోస్పోరిన్ గురించి చెప్పుకోవడమే అనవసరం.

కాబట్టి నియమం ఇది: రసాయన నిర్మాణంలో ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు ఇన్హిబిటర్లు, తక్కువ మోతాదులో, అరగంట లోపు. మెక్ విషయంలో పాత యూ0126 బదులు ట్రామెటినిబ్ వాడటం మేలు. రెండూ ఏటీపీతో పోటీపడకుండా పక్కన ఇంకో గుంటలోనే కూర్చుంటాయి గానీ, ట్రామెటినిబ్ చాలా తక్కువ మోతాదుకే పనిచేస్తుంది కాబట్టి గురి తప్పడం తక్కువ. ఏటీపీతో పోటీపడే మందులకి ఇంకో మెలిక ఉంది. టెస్ట్‌ట్యూబ్‌లో ఏటీపీ 10 నుంచి 100 మైక్రోమోలార్ వేస్తాం, కణంలో అది మిల్లీమోలార్‌లలో ఉంటుంది. ట్యూబ్‌లో నానోమోలార్‌కే ఆగిన కైనేజ్ కణంలో ఆగకపోవడానికి కారణం చాలాసార్లు ఇదే.

రాఫ్ దగ్గరికి వస్తే మందు తలకిందులుగా కూడా పనిచేస్తుంది. బీరాఫ్‌లో (రాఫ్‌లలో ఒకటి) మ్యుటేషన్ లేని, రాఫ్‌ని లేపే రాస్ అనే ప్రోటీన్ చురుగ్గా ఉన్న కణాల్లో రాఫ్ ఇన్హిబిటర్ వేస్తే ఎర్క్ తగ్గకపోగా పెరుగుతుందని 2010లో బయటపడింది. మందు ఒక రాఫ్‌ని పట్టుకుంటే, దానితో జతకట్టిన రెండో రాఫ్ లేచి కూర్చుంటుంది. "ఇన్హిబిటర్ వేస్తే సిగ్నల్ పెరిగింది, కాబట్టి రాఫ్ దీన్ని అణచివేస్తోంది" అని రాసేస్తే కథ అడ్డం తిరిగినట్టే.

జన్యువు తీసేయడంలో గురి తప్పడం తక్కువ, కానీ క్లోన్ చేతికొచ్చేసరికి వారాలు గడుస్తాయి. ఈలోపు కణం ఇంకో దారి చూసుకుంటుంది. ఈస్ట్‌లో స్నఫ్1 కథ దీనికి మంచి ఉదాహరణ. అది మన ఏఎంపీకేకి అన్న వరస. దానికి ఫాస్ఫేట్ పెట్టే కైనేజ్‌లు మూడు: సాక్1, టోస్3, ఎల్మ్1. ఏ ఒక్కదాన్ని తీసేసినా స్నఫ్1 పని ఆగదు. మూడూ తీసేస్తేనే ఆగింది. 2003లో ఈ మూడింటినీ పట్టుకున్నాకే వాటిని పోలిన మానవ కైనేజ్‌ల వైపు చూపు మళ్లి, ఏఎంపీకేకి ఎల్‌కేబీ1 దొరికింది. అదీ అక్కడితో ఆగలేదు. 2005లో సీఏఎంకేకే2 కూడా అదే థ్రియోనీన్ 172కి ఫాస్ఫేట్ పెడుతుందని తేలింది, కాకపోతే కాల్షియం పెరిగినప్పుడు.

ఈ కథ తెలిసినవాళ్లు కణాలు ఎంచుకోవడంలో జాగ్రత్తపడతారు. ఇన్క్యుబేటర్ తెరిస్తే ముందు కనిపించే హీలా కణాల్లో ఎల్‌కేబీ1 లేదు, ఏ549లో కూడా లేదు. ఎల్‌కేబీ1 లేకపోతే ఏమవుతుందో చూడటానికి క్రిస్పర్ అక్కర్లేకుండా ప్రకృతి ఇచ్చిన నాకౌట్ ఇది. దానికి ఎల్‌కేబీ1 తిరిగి ఇచ్చి, నిర్జీవ ఎల్‌కేబీ1 పక్కన పెట్టి పోల్చితే చక్కటి ప్రయోగం అవుతుంది. తెలియకుండా వాడితే అదే కణం బోల్తా కొట్టిస్తుంది. అయానోమైసిన్‌తో కాల్షియం పెంచినప్పుడు హీలాలో థ్రియోనీన్ 172 మీద బ్యాండ్ వస్తుంది. అది సీఏఎంకేకే2 పని.

డబ్బూ ఓపికా ఉన్నవాళ్లకి రెండింటి మంచినీ కలిపే దారి ఒకటుంది: అనలాగ్-సెన్సిటివ్ కైనేజ్. ఏటీపీ గుంట గుమ్మం దగ్గర ఉండే పెద్ద అమైనో ఆమ్లాన్ని గ్లైసీన్‌గానో అలనీన్‌గానో మార్చి చోటు పెంచుతారు. ఆ ఖాళీలో పట్టే పెద్ద మందు మామూలు కైనేజ్‌లకి ఎక్కదు, దీనికి మాత్రమే ఎక్కుతుంది. లావైన ఏటీపీ అనలాగ్ ఇచ్చి అది ఎవరెవరికి ఫాస్ఫేట్ పెడుతోందో కూడా ఏరొచ్చు. కొన్ని కైనేజ్‌లు ఈ మార్పు తట్టుకోలేక నీరసపడిపోతాయి. ముందు దాని సత్తా సగానికైనా మిగిలిందో లేదో చూసుకుని, ఆ తర్వాతే నాకిన్ కణాలకి (మార్చిన జన్యువుని అసలు స్థానంలో పెట్టినవి) ఖర్చు పెట్టండి.

మ్యూటెంట్లలో నా ఓటు డాకింగ్ మ్యూటెంట్‌కి

ఫాస్ఫేట్ స్థానంలో ఆస్పార్టేట్‌నో గ్లుటమేట్‌నో పెట్టి "ఎప్పుడూ ఆన్" రూపం చేద్దామని అందరికీ అనిపిస్తుంది. మెక్1లో రెండు సెరీన్‌లని, 218, 222, ఆస్పార్టేట్‌గా మారిస్తే నిజంగానే పనిచేస్తుంది. అది చూసి ఎర్క్‌లో చేస్తే పనిచేయదు. ఫాస్ఫేట్ మీద దాదాపు రెండు రుణ ఆవేశాలు ఉంటాయి, ఆస్పార్టేట్ మీద ఒకటే, ఆకారమూ వేరే. టైరోసిన్ బదులు గ్లుటమేట్ పెట్టడం ఇంకా ఘోరం. ఫలితం వస్తే సంతోషించండి, రాకపోతే మాత్రం దాన్నుంచి ఏమీ తేల్చకండి.

నిర్జీవ పై కైనేజ్‌ని కణంలో పెట్టి ఫలితం చూడటం ఇంకో అలవాటు. టెస్ట్‌ట్యూబ్‌లో అది తప్పనిసరి కంట్రోల్ అని పైన చెప్పాను, కణంలో మాత్రం అంత నమ్మలేం. పనిచేయని కైనేజ్‌కి కూడా శరీరం ఉంటుంది, జతకడుతుంది. నిర్జీవ బీరాఫ్ రాస్ చురుగ్గా ఉన్నప్పుడు ఇంకో రాఫ్ అయిన సీరాఫ్‌ని పట్టుకుని మెక్ దారిని నడిపిస్తుంది.

డాకింగ్ మ్యూటెంట్‌లో కైనేజ్ పనిచేసే సత్తా అలాగే ఉంటుంది, ఒక్క పట్టు మాత్రమే పోతుంది. దీని బలం పీడీకే1 అనే కైనేజ్ దగ్గర బాగా కనిపిస్తుంది. పీడీకే1 ఏకేటీకి థ్రియోనీన్ 308 దగ్గర ఫాస్ఫేట్ పెడుతుంది. ఎస్6కే, ఎస్‌జీకే, ఆర్‌ఎస్‌కే అనే కైనేజ్‌లకి కూడా పెడుతుంది. ఒకే కైనేజ్ ఇన్నింటిని ఎలా గుర్తుపడుతోంది? దాని పైభాగంలో ఒక చిన్న గుంట ఉంది, పిఫ్ పాకెట్ అంటారు. ఎస్6కే లాంటివి తమ చివరి తోకని అందులో పెడతాయి. ఆ గుంటలోని ల్యూసీన్ 155ని గ్లుటమేట్‌గా మార్చిన పీడీకే1ని ఎలుక మూలకణాల్లో అసలు జన్యువు స్థానంలోనే పెట్టారు. ఎస్6కే, ఎస్‌జీకే, ఆర్‌ఎస్‌కే మూడూ పడిపోయాయి. ఏకేటీ మాత్రం మామూలుగానే యాక్టివేట్ అయింది. పీడీకే1, ఏకేటీ రెండూ పొరలోని పీఐపీ3 అనే కొవ్వుని పట్టుకుని ఒకచోట చేరతాయి కాబట్టి దానికి ఈ గుంట తప్పనిసరి కాదు. పీడీకే1ని పూర్తిగా తీసేస్తే నాలుగూ కలిసి పడిపోయేవి. రెండు దారులున్నాయన్న సంగతే తెలిసేది కాదు.

ఇబ్బంది ఏమిటంటే డాకింగ్ సైట్ ఎక్కడుందో ముందు తెలియాలి. ఇక్కడ ఆల్ఫాఫోల్డ్ (ప్రోటీన్ ఆకారాన్ని ఊహించే ఏఐ ప్రోగ్రామ్) పనికొస్తుంది. ఒక కైనేజ్ డొమైన్, ఇంకో కైనేజ్ తోక ఇచ్చి ఎక్కడ ఆనుతుందో చూడొచ్చు. అది చూపించిన చోట రెండు అమైనో ఆమ్లాలు మార్చి పరీక్షించాలి. రెండు కైనేజ్ డొమైన్‌లని మొత్తంగా ఇచ్చి, బొమ్మలో పక్కపక్కన కూర్చున్నాయని సంబరపడటం మాత్రం తొందరపాటు. ఎవరు ఎవరికి ఫాస్ఫేట్ పెడతారో ఆ బొమ్మ చెప్పదు.

కో-ఐపీ (యాంటీబాడీతో ఒక ప్రోటీన్‌ని లాగి దానికి ఏది అంటుకుని వచ్చిందో చూడటం) గురించి ఒక్క మాట: క్షణంలో విడిపోయే జంట జెల్ మీద కనిపించకపోతే అది వింతేం కాదు. ఆ పనికి టర్బోఐడీ లాంటి ఎంజైమ్ నయం, పది నిమిషాల్లో పక్కనున్నవాటికి బయోటిన్ అంటిస్తుంది. అయితే అది చెప్పేది దగ్గర్లో ఉందని మాత్రమే.

చేతిలో ఉన్నదాన్ని బట్టి

ఏడాది ప్రాజెక్టు, చిన్న ల్యాబ్ అయితే: యాంటీబాడీ దొరికే సైట్‌నే ఎంచుకోండి. టెస్ట్‌ట్యూబ్ ప్రయోగం రెండు నిర్జీవ కంట్రోళ్లతో, కణంలో రెండు వేర్వేరు ఇన్హిబిటర్లతో చేయండి. దానికి తోడు కింది కైనేజ్ తన సబ్‌స్ట్రేట్‌కి (అది పనిచేసే ప్రోటీన్‌కి) ఫాస్ఫేట్ పెట్టడం పెరిగిందని కొలిచి చూపించండి. ఈ చివరి పని చాలా పేపర్లలో కనిపించదు, మూడో ప్రశ్నకి సూటి జవాబు మాత్రం అదే. విదేశం నుంచి యాంటీబాడీ రావడానికి పట్టే కాలాన్ని కూడా లెక్కలో వేసుకోండి. ఆ వారాల్లో నిర్జీవ మ్యూటెంట్లు క్లోన్ చేసుకోవచ్చు.

పీహెచ్‌డీ మొత్తం ఈ జంట మీదే అయితే క్రిస్పర్ నాకౌట్‌తో ఆగకండి. నాకౌట్ కణంలోకి మామూలు కైనేజ్, నిర్జీవ కైనేజ్, డాకింగ్ మ్యూటెంట్ మూడింటినీ విడివిడిగా, సహజ మోతాదుకి దగ్గరగా తిరిగి పెట్టండి. ప్లాస్మిడ్‌తో వందరెట్లు నింపితే బలహీనమైన పట్టు కూడా సరిపోతుంది, డాకింగ్ మ్యూటెంట్ మామూలుగానే పనిచేసినట్టు కనిపిస్తుంది.

పై కైనేజ్ ఏదో అసలు తెలియనివాళ్లు సైట్ చుట్టూ ఉన్న వరుస చూసి వెతకడం మొదలుపెడతారు. ఏ కైనేజ్ ఏ వరుసని ఇష్టపడుతుందో చూపిస్తూ 2023లో వచ్చిన 303 సెరీన్-థ్రియోనీన్ కైనేజ్‌ల అట్లాస్ దానికి ఇప్పుడు బాగా అక్కరకొస్తోంది. ఎంజైమ్‌లు, ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్‌ల మీది సైట్ అయితే దాన్నే నమ్ముకుని జాబితా కుదించుకోండి. మీ సైట్ ఇంకో కైనేజ్ యాక్టివేషన్ లూప్‌లో ఉంటే మాత్రం స్కోరు తక్కువ వచ్చిందని ఎవరినీ కొట్టేయకండి. ఆ అట్లాస్ పెప్టైడ్‌లతో కట్టింది. మెక్ లాంటివి పెప్టైడ్‌ని పట్టించుకోవు. అలాంటి సైట్ ఉన్నవాళ్లకి ఇన్హిబిటర్ల ప్యానెల్‌తో కణంలో జల్లెడ పట్టి, మిగిలిన ముగ్గురు నలుగురిని మడతపడిన పూర్తి ప్రోటీన్ మీద పీ-32తో చూడటమే దగ్గరి దారి.